ఉపాధ్యాయుడు మరల కళాశాలకు పోవుట ఎందుకు?

మన గ్రామములోని బడి పలకపై "మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల" అనియో, "జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల" అనియో వ్రాసియుండుట పంచాయతీ సభ్యులందరును ప్రతిదినము చూచుచున్నదే. ఆ పేరులో కొంత చరిత్ర కలదు. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఏర్పడినప్పుడు ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకును, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకును అప్పగింపబడినవి. తరువాత సమితుల స్థానమున మండలములు వచ్చినవి, రాష్ట్రము రెండైనది. అయినను బడికిని స్థానిక సంస్థకును గల సంబంధము పలకపై అట్లే నిలిచియున్నది. 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొనుచు, ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో గూడిన విద్యను వానిలో 17వదిగా చేర్చినది. కావున బడిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట పంచాయతీ సభ్యుని విధులలో నొకటి.

ఇటీవలి సంవత్సరములలో ఆ బడి గోడ రూపు మారుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుండి ఉన్నత పాఠశాలల తరగతి గదులలో వ్రేలి స్పర్శతో పనిచేయు పెద్ద డిజిటల్ ఫలకములను అమర్చుట మొదలైనది. తెలంగాణలోను ఇట్టివి అనేక పాఠశాలలకు చేరినవి. నల్లబల్ల ప్రక్కన వెలుగుతెర వచ్చి నిలిచినది. దానితోపాటు మరియొక మార్పు కూడ గ్రామస్థుల కంటబడుచున్నది. ఇరువది, ముప్పది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న ఉపాధ్యాయులు సంచి భుజమున వేసికొని శిక్షణ కళాశాలకు విద్యార్థులై పోవుచున్నారు.

"పంతులుగారికి ఇంకను చదువు పూర్తి కాలేదా?" అని రచ్చబండ వద్ద నవ్వువారు కొందరు. "వారు అచ్చటికి పోయినచో ఇచ్చట మన పిల్లల గతి యేమి?" అని చింతించువారు మరికొందరు. మొదటి మాటకు సమాధానము చెప్పవచ్చును. రెండవది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము వెదకుటలో పంచాయతీకి కూడ పాత్ర కలదు. ఈ రెంటిని గూర్చి సభ్యులకు తెలియవలసిన విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

యంత్రము వచ్చినంత మాత్రమున

ట్రాక్టరు కొన్నంత మాత్రమున చాళ్లు తిన్నగా సాగవని రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. తోలువానికి నేల తెలియవలెను, నాగలి లోతు తెలియవలెను, పదును తెలియవలెను. బడిలోని యంత్రము సంగతియు అంతే. వేల రూపాయల ఫలకమును గోడకు తగిలించి, దానిని వాడవలసిన వానికి శిక్షణ నిచ్చుటకు సంకోచించుట, ఏనుగును కొని అంకుశమునకు వెనుకాడుట వంటిది.

ఇది మేము ఊహించి చెప్పుమాట కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పల్లెటూరి పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న కంప్యూటరు ఇచ్చిరి. 319 పాఠశాలలలో దాని ఫలితమును పరిశీలించి 2012లో నివేదిక ప్రకటించిరి. పిల్లలు కంప్యూటరు వాడుట నేర్చిరి గాని, గణితమునందును భాషయందును వారి ప్రజ్ఞ పెరిగినట్లు కనబడలేదు. యంత్రము వచ్చినను తరగతిలో బోధించు తీరు మారకపోవుట అందుకు ఒక ముఖ్య కారణముగా భావింపబడినది.

దీనికి భిన్నమైన ఉదాహరణము మన దేశమునందే కలదు. ఢిల్లీలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు, ఏ పిల్లవాడు ఏ మెట్టున నున్నాడో పరీక్షించి, ఆ మెట్టునకు తగిన అభ్యాసములనే ఇచ్చు కంప్యూటరు పాఠములను బడి వేళల తరువాత నేర్పిరి. నాలుగున్నర నెలలలోనే గణితమునందును, హిందీయందును వారు స్పష్టమైన పురోగతి చూపిరని 2019లో ప్రకటితమైన అధ్యయనము తెలుపుచున్నది. రెండు చోట్లను యంత్రములున్నవి. ఒకచోట యంత్రమును పిల్లల చేతికిచ్చి ఊరకుండిరి. మరియొకచోట పిల్లవాని అవసరమునకు తగినట్లు యంత్రమును వినియోగించిరి. ఈ భేదమును గ్రహించుటయే ఉపాధ్యాయుడు కళాశాలకు పోయి నేర్వవలసిన విద్య.

ఇది నేటి ప్రయత్నము కాదు

బడిలో యంత్రసహాయముతో బోధించు ప్రయత్నము మన తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు, అమెరికా వారి ఉపగ్రహము సహాయమున, మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను అందించినది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు తెలుగున ప్రసారములు జరిగినవి. ఆ ప్రయోగమున విశేషమేమనగా, పిల్లలకు బొమ్మలు చూపుటతో ఆగక, సుమారు 50,000 మంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. యంత్రముతోపాటు ఉపాధ్యాయుని గూడ సిద్ధము చేయవలెనను తలంపు ఆనాడే యుండెను.

1984–85లో పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చు పథకము దేశమున ప్రారంభమైనప్పుడు ఈ నియమము సరిగా సాగలేదు. ఉపాధ్యాయులకు చాలినంత శిక్షణ లేకపోవుట దాని లోపములలో నొకటిగా తరువాత గుర్తింపబడినది. 2004 సెప్టెంబరు 20వ తేదీన శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ అను ఉపగ్రహమును కేవలము విద్యాసేవకే ప్రయోగించిరి. 2017లో దీక్ష అను జాతీయ విద్యావేదిక ఏర్పడినది. నేడు పాఠ్యపుస్తకములలో కనబడు నలుపు తెలుపు గళ్ల చదరపు గుర్తును ఫోనుతో చూచినచో ఆ పాఠమునకు సంబంధించిన చిత్రములు, అభ్యాసములు ఆ వేదిక నుండియే తెరచుకొనును. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ ద్వారాను, ఫోన్ల ద్వారాను పాఠములు నడచినవి. ఆ సంవత్సరమున ఎందరో ఉపాధ్యాయులు ఎవరును నేర్పకయే, తమ పిల్లలనో విద్యార్థులనో అడిగి, ఈ పనిముట్లను చేతబట్టవలసివచ్చెను. అవసరము నేర్పిన ఆ అరకొర విద్యను సక్రమముగా నేర్వవలసిన పని ఇప్పుడున్నది.

ఉద్యోగములో చేరిన తరువాత కూడ ఉపాధ్యాయుడు నేర్చుచునే యుండవలెనని పెద్దలు ఎన్నడో చెప్పిరి. డాక్టర్ డి. ఎస్. కొఠారి అధ్యక్షతన 1964–66లో పనిచేసిన విద్యా సంఘము, ప్రతి ఉపాధ్యాయుడును అయిదేండ్ల కొకసారి రెండు మూడు నెలల శిక్షణ పొందవలెనని సిఫారసు చేసినది. 1986 జాతీయ విద్యా విధానము ననుసరించి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అనగా మనము డైట్ అని పిలుచు కళాశాలలు ఏర్పడినవి. 2020 జాతీయ విద్యా విధానము ప్రతి ఉపాధ్యాయుడును సంవత్సరమునకు కనీసము 50 గంటలు వృత్తి సంబంధమైన అభ్యసనమునకు వినియోగింపవలెనని చెప్పుచున్నది. కావున నడివయస్సులో కళాశాలకు పోవు ఉపాధ్యాయుడు చదువు రానివాడు కాడు; తన వృత్తి ధర్మమును పాటించుచున్నవాడు.

కళాశాలలో నేర్చునదేమి?

శిక్షణ యనగా మీటలు నొక్కుట నేర్చుకొనుటయే యని పలువురి అభిప్రాయము. అది మొదటి మెట్టు మాత్రమే. ఫలకమును వెలిగించుట, ఆర్పుట, పాఠమును దానిలోనికి ఎక్కించుకొనుట, అంతర్జాలము లేని దినమున కూడ పనికివచ్చునట్లు ముందుగా దించియుంచుకొనుట, శబ్దము రానప్పుడు కారణము కనుగొనుట మొదలగునవి రెండు మూడు దినములలో అలవడగలవు.

కష్టమైన పని తరువాత వచ్చును. 2006లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అను విద్యావేత్తలు ఈ విషయమును చక్కగా విడదీసి చెప్పిరి. ఉపాధ్యాయునకు మూడు విధములైన జ్ఞానము కావలెను: తాను చెప్పు విషయము తెలియవలెను, దానిని పిల్లలకు బోధించు పద్ధతి తెలియవలెను, పనిముట్టు తెలియవలెను. ఈ మూడును వేరువేరుగా నున్నంత వరకు ఫలము లేదు. ఏ పాఠమునకు ఏ పనిముట్టు, ఏ సమయమున, ఎంతసేపు అను వివేకమున మూడును కలిసినప్పుడే బోధన బాగుపడును.

ఒక ఉదాహరణము చెప్పెదము. చంద్రకళలు అను పాఠమును తీసికొందము. పౌర్ణమి, అమావాస్య ఎట్లు వచ్చునో నల్లబల్లపై గీచి చెప్పుట కష్టము. చంద్రుడు తిరుగుట బల్లపై కనబడదు. శిక్షణ పొందని ఉపాధ్యాయుడు పది నిమిషముల చిత్రమును నడిపించి, "అర్థమైనదా?" అని అడుగును. పిల్లలందరును ఏకకంఠముతో "అయినది" అందురు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు చిత్రమును చూపుటకు ముందే "అమావాస్యనాడు చంద్రుడు ఎచ్చట నుండును?" అని అడిగి, పిల్లల సమాధానములను బల్లపై వ్రాయును. పిమ్మట రెండు నిమిషములు చూపి, ఆపి, తరువాత ఏమగునో చెప్పుడనును. ఆ పిమ్మట తెరను ఆర్పివేసి, గది కిటికీలు మూయించి, ఒక దీపమును వెలిగించి, ఒక్కొక్క పిల్లవానిచేత బంతిని పట్టించి దీపమునకు అభిముఖముగా తన చుట్టు తాను తిరుగుమనును. బంతిపై వెలుగు పెరుగుట, తరుగుట పిల్లవాడు తన కంటితో చూచును. చివరకు మొదట వ్రాసిన సమాధానములను వారిచేతనే దిద్దించును.

తెరను ఎప్పుడు ఆర్పవలెనో తెలిసికొనుట గూడ ఈ విద్యలో భాగమే. గింజ మొలకెత్తుటను తెరపై చూపవలసిన పని లేదు. తడిగుడ్డలో నాలుగు పెసలు మూటగట్టిన చాలును. గుండెలోని కవాటములు తెరచుకొనుట, అగ్నిపర్వతము బ్రద్దలగుట, సముద్రగర్భము వంటివి ఊరిలో చూపుటకు వీలులేనివి కావున వానికి తెర ఎంతో ఉపకరించును.

ఇవిగాక, చూపు లేని పిల్లలకు పాఠమును వినిపించు ఏర్పాటును, వినికిడి లేనివారికి చిత్రము క్రింద అక్షరములు వచ్చు ఏర్పాటును వాడుట నేర్చెదరు. పిల్లల ఫొటోలను, పేర్లను, మార్కులను ఇతరులకు పంపరాదనియు, సంకేత పదములను బల్లపై వ్రాసి ఉంచరాదనియు నేర్చెదరు. ప్రశ్న వేయగానే సమాధానము వ్రాసి యిచ్చు కృత్రిమ మేధ సాధనములు ఇప్పుడు పిల్లల ఫోన్లలోనికి కూడ వచ్చినవి. అవి తప్పును సైతము ఒప్పువలె నమ్మకముగా చెప్పగలవు. ఆ సమాధానమును పుస్తకముతో సరిచూచు అలవాటును పిల్లలకు నేర్పవలసినవాడు ఉపాధ్యాయుడే.

శిక్షణ వ్యర్థమగుట ఎట్లు?

అన్ని శిక్షణలును సమానముగా ఫలించునని చెప్పజాలము. నూరుమందిని ఒక గదిలో కూర్చుండబెట్టి, యంత్రమును దూరము నుండి చూపి, ఉపన్యాసము చెప్పి, ప్రమాణపత్రమిచ్చి పంపినచో, ఆ ఉపాధ్యాయుడు బడికి తిరిగివచ్చి ఫలకముపై గుడ్డ కప్పి నల్లబల్ల యొద్దకే పోవును. ఫోనులో పాఠమును నడిపించి, తాను వేరు పని చూచుకొని, చివరి ప్రశ్నలకు సమాధానములు ఇతరుల నడిగి పూర్తిచేయుట కూడ అక్కడక్కడ కలదు.

బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అను అమెరికా విద్యావేత్తలు 1980వ దశకమున ఈ విషయమును పరిశీలించిరి. విని నేర్చినది, చూచి నేర్చినది తరగతి గదిలో చాల కొద్దిగానే ఆచరణకు వచ్చుననియు, స్వయముగా చేసి, తప్పొప్పులు చెప్పించుకొని, తిరిగి వచ్చిన తరువాత కూడ అనుభవజ్ఞుని తోడ్పాటు లభించినప్పుడే అది స్థిరపడుననియు వారు తెలిపిరి. ఈత కొట్టుటను గట్టున కూర్చుండి నేర్వలేము గదా. కావున శిక్షణ అయిదు దినములా, పది దినములా యని అడుగుటకంటె, తిరిగి వచ్చిన రెండు మాసముల తరువాత తరగతిలో ఏమి మారినదని అడుగుట మేలు.

ఏకోపాధ్యాయ పాఠశాల సంగతి

ఇక రెండవ ప్రశ్న. ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడిలో ఆయన కళాశాలకు పోయిన దినములలో బడి ఎవరు నడుపవలెను? అయిదారు దినములు బడి మూతపడినచో, ఆ నష్టము పేదవాని పిల్లలకే. కలిగినవారు తమ పిల్లలను పట్టణమునకు పంపుకొందురు. కూలికి పోవు తల్లికి బడి మూసిన దినమున మధ్యాహ్న భోజనము కూడ పోవును.

అట్లని ఆ ఉపాధ్యాయుని ఎన్నడును శిక్షణకు పంపకుండుట మరింత అన్యాయము. అట్లు చేసినచో పెద్ద బడుల ఉపాధ్యాయులు మాత్రమే క్రొత్త విద్య నేర్చి, చిన్న పల్లెల పిల్లలు ఎప్పటికిని వెనుకబడియే యుందురు. దీనికి మార్గములు కలవు. శిక్షణ తేదీలు తెలిసిన వెంటనే మండల విద్యాధికారికి వ్రాసి, సమీపపు బడి నుండి ఒక ఉపాధ్యాయుని ఆ దినములకు పంపుమని కోరవచ్చును. సెలవు దినములలో జరుగు శిక్షణకు ఇట్టి బడులవారికి ప్రాధాన్యమిమ్మని కోరవచ్చును. ఫోను ద్వారా నేర్వదగిన భాగమును బడి విడిచిన తరువాత ముగించి, చేతితో చేసి నేర్వవలసిన భాగమునకు మాత్రమే కళాశాలకు పోవునట్లు ఏర్పాటు చేయుమనవచ్చును. వేచియుండి, బడి మూసిన పిమ్మట ఫిర్యాదు చేయుటకంటె ముందుగా అడుగుట మంచిది.

మహిళా ఉపాధ్యాయుల ఇబ్బందులను కూడ గమనింపవలెను. చంటిబిడ్డ కలవారికి, దూరమున వసతి లేనివారికి శిక్షణ భారమగును. ఈ సంగతిని పంచాయతీ తరఫున అధికారుల దృష్టికి తెచ్చుట సహాయమగును.

పంచాయతీ చేయదగిన పనులు

విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులో నున్నది. దానిని అనుసరించి ఏర్పడు పాఠశాల యాజమాన్య సంఘములో కనీసము నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులును, సగము స్త్రీలును ఉండవలెను. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులకును దానిలో స్థానము కలదు. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట ఆ సంఘపు పని. ఈ సందర్భమున సభ్యులు చేయదగిన పనులను క్రింద పేర్కొనుచున్నాము.

మొదటిది, లెక్క తెలిసికొనుట. బడిలో ఎన్ని ఫలకములు, కంప్యూటర్లు ఉన్నవి? ఎన్ని పనిచేయుచున్నవి? ఏ ఉపాధ్యాయునకు ఎట్టి శిక్షణ లభించినది? ఎవరికి లభింపలేదు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు ఒక పుస్తకమున వ్రాయించి యుంచవలెను.

రెండవది, విద్యుచ్ఛక్తి. ఒక పెద్ద ఫలకమునకు సుమారు 200 నుండి 400 వాట్లు, అనగా మూడు నాలుగు సీలింగు ఫ్యాన్లు వాడునంత విద్యుత్తు కావలెను. విద్యుత్తు పెద్దది కాదు గాని, ఎర్తింగు సరిగా లేకున్నను, విద్యుత్తు హెచ్చుతగ్గులగుచున్నను యంత్రము చెడిపోవును. పిల్లలకు ప్రమాదము కూడ కలుగవచ్చును. తీగలను ఎలుకలు కొరుకకుండ, వాననీరు కారకుండ గదిని బాగుచేయించుట ఊరివారు చూచుకొనదగిన పని.

మూడవది, అంతర్జాలము. గ్రామ పంచాయతీలను గాజుతంతి మార్గముతో కలుపు పథకమునకు 2011లో ఆమోదము లభించినది. అదియే నేటి భారత్‌నెట్. పంచాయతీ కార్యాలయమునకు ఆ సౌకర్యము వచ్చియున్నచో, అది బడికి చేరునట్లు ప్రయత్నింపవలెను.

నాలుగవది, ఉపాధ్యాయుని కాలమును కాపాడుట. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని విద్యాహక్కు చట్టపు 27వ సెక్షను చెప్పుచున్నది. క్రొత్త పద్ధతిలో ఒక పాఠమును సిద్ధపరచుకొనుటకు తొలిదినములలో రెట్టింపు కాలము పట్టును. ఆ కాలమును ఇతర పనులకు లాగుకొనరాదు.

అయిదవది, తిరిగివచ్చిన ఉపాధ్యాయుని ఆదరించుట. ఆయన నేర్చినదానిని సంఘ సమావేశమున ఒక పాఠముగా చెప్పి చూపుమని గౌరవముతో కోరవలెను. తల్లిదండ్రులు వెనుక వరుసలో కూర్చుండి చూడవలెను. ఇది పరీక్ష చేయుటకు కాదు. ఊరికి నమ్మకము కలుగుటకు. అట్లే ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు కలిసికొను సమావేశములలో ఆయన ఇతరులకు నేర్పునట్లు ప్రోత్సహింపవలెను.

ఆరవది, ఫలితమును సరియైన కొలతతో కొలుచుట. తెర దినమునకు ఎన్ని గంటలు వెలిగినదను లెక్క వలన ప్రయోజనము లేదు. మూడవ తరగతి పిల్ల కథను తడబడక చదువుచున్నదా, అయిదవ తరగతి పిల్లవాడు భాగహారము చేయుచున్నాడా, మొన్నటి వరకు నోరు విప్పని పిల్ల ఇప్పుడు ప్రశ్న అడుగుచున్నదా అని చూడవలెను. ఇవి మారినచో శిక్షణ ఫలించినట్లు. మారనిచో ఉపాధ్యాయునితో కూర్చుండి కారణము వెదకవలెను.

గ్రామమున ఏ వృత్తియు నిలిచిపోయి లేదు. రైతు క్రొత్త వంగడము వేయుట నేర్చెను. వడ్రంగి విద్యుత్ రంపము పట్టుట నేర్చెను. పొదుపు సంఘపు మహిళలు బ్యాంకు లెక్కలు చూచుట నేర్చిరి. వారిని మనము ఎగతాళి చేయలేదు. తల నెరసిన పిమ్మట, తనకంటె చిన్నవారి ప్రక్కన బల్లపై కూర్చుండి, తెలియనిదానిని తెలియదని చెప్పి నేర్చుకొను ఉపాధ్యాయుడు తన పిల్లలకు పుస్తకములో లేని పాఠమొకటి చెప్పుచున్నాడు. మీ పంచాయతీ తదుపరి సమావేశమున బడిని గూర్చి చర్చకు వచ్చినప్పుడు, ఫలకములు ఎన్ని వచ్చినవని అడుగుటతో ఆగక, మన ఉపాధ్యాయులు శిక్షణకు పోయి వచ్చిరా, వారికి మన వలన కావలసినదేమి అని కూడ అడుగుదురు గాక.